పాత వార్తలకు కాపలాదారు

నేటి పత్రిక రేపటికి పొట్లం కాగితం అంటారు. కాని పత్రికా కార్యాలయంలో ఒక గదికి ఈ మాట వర్తించదు. పాత వార్తలను భద్రపరిచే ఆ గది ఉద్యోగి దినచర్య ఇది.

ఉదయం రాగానే అన్ని ఎడిషన్లనూ తేదీవారీగా సరిచూస్తాడు. ప్రతి వార్తనూ, ఫొటోనూ ఊరు, పేరు, విషయం వారీగా కంప్యూటర్‌లో చేరుస్తాడు. మధ్యాహ్నం నుంచి విలేకరుల ఫోన్లు. పిడుగురాళ్ల సున్నపు బట్టీల పాత వార్తలు కావాలని ఒకరు అడిగారనుకోండి. 2022 ఏప్రిల్ 4కు ముందువి గుంటూరు జిల్లా కింద, తరువాతివి పల్నాడు జిల్లా కింద వెతకాలి.

పేర్లతో చిక్కు మరీ ఎక్కువ. మన మస్తాన్‌వలి ఒకచోట ‘మస్తాన్ వలి’, మరోచోట ‘మస్తానువలీ’. ఇంటిపేరు ఒకసారి ఉంటుంది, ఒకసారి ఉండదు. పొరపాటున ఇద్దరిని ఒక్కరుగా కలిపితే, ఒకరి కేసు మరొకరి మెడకు చుట్టుకుంటుంది. అందుకే సవరణ పడిన రోజే దాన్ని పాత వార్తకు జతచేయాలి. లేకుంటే అదే తప్పు పదేళ్లకు మళ్లీ అచ్చవుతుంది. వార్త వస్తే నిజానిజాలు విచారించుకోవాలన్నది సూరె హుజురాత్ 6వ ఆయత్ బోధ.

సాయంత్రం అన్నిటికీ నకలు తీసి వేరేచోట ఉంచుతాడు. 2000 ఆగస్టు వరదలో హైదరాబాదు సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోని అరుదైన ఉర్దూ పుస్తకాలు తడిసిపోయిన సంగతి తెలిసినవారు ఆ శ్రమను వృథా అనరు.

నిఖానామా, బడి సర్టిఫికెట్, ఆధార్, పొలం పాసుపుస్తకం: వీటన్నిటిలో మన పేరు ఒకే తీరున ఉందా? ఈ జుమా నాడు ఇంటిల్లిపాదీ కూర్చుని సరిచూసుకుంటే మంచిది.