పదునేడేండ్ల ప్రాయము - పూర్తికాని పెరుగుదల

కృష్ణా మండలపు మెట్ట సీమలో పాలేటి చేరువను జగ్గయ్యపేట, మున్నేటి చేరువను నందిగామ కలవు. 2022 ఏప్రిల్ నుండి ఈ రెండును ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి. ప్రత్తి, మిరప ఇచ్చటి రైతులకు ముఖ్యమైన పైరులు. మిరప కోతలును, ఇంటర్మీడియట్ పరీక్షలును ఇంచుమించు ఒకే కాలమున వచ్చును. 17 ఏండ్ల కుఱ్ఱవాడు తండ్రితో సమానముగ పొడుగై, మిరప టిక్కీని భుజమున కెత్తుకొనగలిగినచో "వీడు చేతికంది వచ్చినాడు" అందురు. ఆ యీడు పిల్లను చూచి "పిల్ల ఎదిగినది, ఇక సంబంధము చూడవలెను" అందురు. ఈ రెండు మాటలకును ఆధారము కంటికి కనబడు ఎత్తు మాత్రమే. కాని శరీరములోని భాగము లన్నియు ఒకేసారి పెరిగి ఒకేసారి ఆగునవి కావు. 17వ యేట ఏది ముగిసినది, ఏది మిగిలియున్నది అని తెలిసికొనినప్పుడే ఈ వయస్సు వారి కష్టములు మనకు బోధపడును.

ఎత్తు

ఒకే పిల్లవాని ఎత్తును పుట్టినది మొదలు క్రమముగ కొలిచిన మొదటివాడు ఫ్రాన్సు దేశీయుడగు మోంబెయ్యార్. ఆయన తన కుమారుని 1759 నుండి 1777 వరకు ఇంచుమించు ఆరు నెలల కొకసారి కొలిచెను. ఆ లెక్కలను ప్రకృతి శాస్త్రవేత్త బుఫాన్ ప్రకటించెను. వాటినిబట్టి పెరుగుదల ఒకే వేగమున సాగదని తేలినది. శిశువు మొదటి యేట సుమారు 25 సెంటీమీటర్లు పెరుగును. తరువాత ఆ వేగము తగ్గి, బడి యీడున ఏటికి 5, 6 సెంటీమీటర్లకు దిగును. మరల ఆడపిల్లలలో 12వ యేటి ప్రాంతమునను, మగపిల్లలలో 14వ యేటి ప్రాంతమునను ఒక్క ఊపున పెరుగుదల కలుగును. 17వ యేటికి ఆడపిల్లల ఎత్తు దాదాపు నిలిచిపోవును. మగపిల్లలకు కొద్దిగ మిగిలియుండును.

ఈ యూపునకు కావలసిన ముడిసరకు చిన్ననాటి తిండి నుండియే కూడుచుండును. హైదరాబాదు సమీప పల్లెలలో 1987-90 నడుమ గర్భిణులకును, పసిపిల్లలకును అదనపు పౌష్టికాహారము నిచ్చి, ఆ పిల్లలను 13-18 ఏండ్ల వయస్సున మరల పరీక్షించిరి. ఆహారము నందిన పల్లెల పిల్లలు తక్కినవారి కంటె సగటున 14 మిల్లీమీటర్లు పొడుగుగ నుండిరి. అంతియే కాక వారి రక్తనాళముల బిగువు తక్కువగ నుండెను.

ఎముక

పొడుగైన ఎముక చివర వృద్ధి ఫలకమను మృదులాస్థి పొర యుండును. దానిలోని కణములు విభజన చెందుచు, గట్టిపడుచు ఎముకను పొడిగించును. ఈస్ట్రోజెన్ అను హార్మోను, స్త్రీపురుషు లిరువురిలోను, తుదకు ఈ ఫలకమును మూసివేయును. అయితే ఫలకము లన్నియు ఒకే యేట మూతపడవు. మోచేతివద్ద యౌవనారంభము దాటగనే మూతపడును. కంటె యెముక లోపలి కొన మాత్రము 20 ఏండ్లు దాటిన తరువాతనే అతుకుకొనును. ఎత్తు నిలిచిన తరువాత కూడ ఎముకలో సున్నము చేరుచుండును. ముసలితనమున ఎముక విరుగకుండుటకు కావలసిన నిలువ ఈ వయస్సుననే కూడబెట్టవలెను. రాగిసంకటి, పాలు, పెరుగు ఇందుకు మంచివి. వంద గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు మించిన కాల్షియము కలదు.

ఆడపిల్లల విషయమున ఇంకొక ముఖ్యాంశము కలదు. కాన్పు జరుగు శ్రోణి మార్గము ఎత్తుకంటె నెమ్మదిగ పెరుగునని 1982లో మోర్మన్ అను శాస్త్రజ్ఞురాలు చూపెను. పొడుగున తల్లిని మించిన పిల్లకు కూడ ఆ మార్గము పూర్తిగ ఏర్పడియుండక పోవచ్చును. ఇంకను పెరుగుచున్న తల్లికిని గర్భస్థ శిశువునకును ఆహారము కొఱకు పోటీ యేర్పడి, శిశువు తక్కువ బరువుతో పుట్టు ప్రమాద మున్నది. 1929 నాటి శారదా చట్టము ఆడపిల్ల వివాహ వయస్సును 14గ నిర్ణయించెను. 1978లో దానిని 18కి పెంచిరి. 2006 చట్టము బాల్యవివాహములను నిషేధించినది. అయినను 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశ్‌నందు 20-24 ఏండ్ల స్త్రీలలో నూటికి 29 మందికి 18 నిండకముందే పెండ్లి జరిగినట్లు తేలినది.

రక్తము

పెరుగు శరీరమునకు రక్తము కూడ పెరుగవలెను. దానికి ఇనుము కావలెను. ఆడపిల్లలు నెలనెలా కొంత ఇనుమును కోల్పోదురు. రక్తములో హీమోగ్లోబిన్ డెసీలీటరునకు 12 గ్రాములకు లోబడినచో ఆడపిల్లలకు, 13కు లోబడినచో ఈ వయస్సు మగపిల్లలకు రక్తహీనత యున్నట్లు లెక్క. అట్టివారు త్వరగ అలసిపోదురు. పాఠముపై మనస్సు నిలుపలేరు. దీనిని బద్ధకమని మందలించుట సులభము, కాని అది పొరపాటు. బడిలో వారమున కొకసారి యిచ్చు నీలిరంగు మాత్ర దీనికొఱకే. అన్నము తినిన వెంటనే టీ త్రాగిన ఇనుము సరిగ వంటబట్టదు; నిమ్మరసము చేరిన బాగుగ వంటబట్టును.

నిద్ర

"తెల్లవారుజామున చదివినది మరువరాదు" అని పెద్దలు చెప్పుదురు. పెద్దలకు ఇది సుఖమైన వేళయే. కాని యౌవనమున శరీరపు గడియారము కొంత వెనుకకు జరుగును. నిద్రను సూచించు మెలటోనిన్ రాత్రి ఆలస్యముగ వెలువడును. అందుచే 17 ఏండ్లవానికి పదింటికి పడుకొన్నను నిద్ర రాదు. నాలుగింటికి లేపినను మెలకువ పూర్తి కాదు. చేతిలోని సెల్‌ఫోను వెలుతురు ఈ ఆలస్యమును ఇంకను పెంచును. ఈ వయస్సునకు 8 నుండి 10 గంటల నిద్ర అవసరము. పదకొండింటికి పడుకొని నాలుగున్నరకు లేచిన విద్యార్థికి ఐదున్నర గంటలే దక్కును. పగలు చదివినది జ్ఞాపకమున స్థిరపడుట నిద్రలోనే చాలవరకు జరుగును. కావున నిద్ర తగ్గించి చదువు పెంచుట చిల్లుకుండలో నీరు పోయుట వంటిది. అమెరికా బాలవైద్యుల అకాడమీ 2014లో, ఈ యీడు పిల్లల బడులు ఉదయము ఎనిమిదిన్నరకు ముందు తెరువరాదని సలహా యిచ్చినది.

మెదడు

అన్నిటికంటె ఆలస్యముగ పరిపక్వమగునది మెదడులోని ముందరి భాగము. పర్యవసానమును తలచుట, తొందరను అణచుకొనుట దీని పని. బహుమానమునకును, ఉద్వేగమునకును స్పందించు భాగములు ముందుగనే చురుకుదనము పొందును. ముందరి భాగము మాత్రము 25వ యేటి ప్రాంతము వరకు కుదుటపడుచుండును. 17 ఏండ్లవానికి తెలివి లేదని దీని యర్థము కాదు. నింపాదిగ ఒంటరిగ ఆలోచించునప్పుడు అతడు పెద్దలతో సరితూగగలడు. స్నేహితులు చుట్టునున్నప్పుడే తేడా వచ్చును. 2005లో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అను పరిశోధకులు కారు నడుపు ఆటతో చేసిన ప్రయోగమున, పెద్దలు ఒంటరిగ నున్నను తోటివారితో నున్నను ఒకే తీరున ప్రవర్తించిరి. కుఱ్ఱవారు మాత్రము తోటివారి ఎదుట ఎక్కువ సాహసించిరి. విజయవాడ-హైదరాబాదు రహదారి నందిగామ, జగ్గయ్యపేటల మీదుగ పోవుచున్నది. ఆ దారిపై ఒకే మోటారు సైకిలు మీద ముగ్గురు స్నేహితులు పోవుచుండగ ఈ ప్రయోగము గుర్తునకు రావలెను. గేర్ల మోటారు సైకిలునకు లైసెన్సు 18 నిండినగాని రాదు.

ఉపాధ్యాయులు చేయదగినది

పాఠశాలలో ఏటేట విద్యార్థుల ఎత్తును, బరువును కొలిచి పుస్తకమున వ్రాయించుట మంచి పాఠమగును. విద్యార్థులు తమ వృద్ధిరేఖను తామే గీసికొందురు. నీరసముగ నున్న పిల్లను రక్తపరీక్షకు పంపవలెను. పరీక్షల కాలమున నిద్రవేళను కూడ కాలపట్టికలో చేర్చవలెను. చదువు చివరి యేట నున్న పిల్లకు సంబంధము కుదుర్చుచున్న తలిదండ్రులతో, ఆమె ఎముకలును రక్తమును ఇంకను పెరుగుదలలోనే యున్నవని చెప్పగలవారు ఊరిలో మొదట ఉపాధ్యాయులే. గోడమీది గీత 17వ యేట ఆగియుండవచ్చును. ఆ గీతకు అందని పెరుగుదల ఇంకను కొన్నేండ్లు సాగును. దానికి తిండియు, నిద్రయు, వ్యవధియు కావలెను.