మనమా? మేమా? – చిన్నపిల్లలతో దయ గురించి ఒక ముచ్చట

(ఆక్లాండ్‌లో ఒక సామాజిక రేడియోలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

ఫ్లాట్ బుష్‌లో ఆదివారం పూట ఒక హాల్లో పిల్లలకు తెలుగు చెబుతుంటాను. అయిదు నుంచి తొమ్మిదేళ్ల లోపు వాళ్లు ఓ పదిహేను మంది వస్తారు. ఇవాళ అక్షరాలు పక్కన పెట్టి దయ గురించి నాలుగు మాటలు చెప్పాలనుకుంటున్నాను. ముందే ఒప్పుకుంటున్నానండీ, ఇది మా అమ్మాయి చేసిన తప్పుతో మొదలైంది.

మే నెలలో ఇక్కడి బళ్లలో పింక్ షర్ట్ డే జరుపుతారు కదా. 2007లో కెనడాలోని నోవా స్కోషియాలో గులాబీ చొక్కా వేసుకొచ్చిన ఓ కుర్రాణ్ణి తోటివాళ్లు ఏడిపిస్తే, పై తరగతి అబ్బాయిలిద్దరు గులాబీ చొక్కాలు కొనుక్కొచ్చి బడిలో పిల్లలకు పంచారు. ఆ రోజు అక్కణ్ణుంచి పుట్టింది. మా అమ్మాయి కూడా ఆ శుక్రవారం గులాబీ చొక్కా తొడుక్కుని ఉత్సాహంగా బడికెళ్లింది. ఆదివారం తెలుగు క్లాసు విరామంలో, గుంటూరు నుంచి కొత్తగా వచ్చిన పాప దగ్గరికొస్తే, "మేం ముగ్గురం ఆడుకుంటున్నాం" అని అటు తిరిగిపోయింది. తిట్టలేదు, తొయ్యలేదు. కానీ ఆ పాప క్లాసు అయ్యేదాకా కుర్చీలోంచి లేవలేదు.

"సారీ చెప్పు" అనబోయి ఆగాను. మనం చెప్పమంటే పిల్లలు చెప్పేస్తారు. ఎందుకు చెప్పారో వాళ్లకే తెలియదు.

తరవాతి ఆదివారం అందర్నీ చాప మీద గుండ్రంగా కూర్చోబెట్టాను. ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు. అమెరికాలో మాథ్యూ లిప్‌మన్ అనే తత్వశాస్త్ర ఆచార్యుడు 1970లలో పిల్లలతో కలిసి ఆలోచించే విధానం ఒకటి తయారుచేశారు. ఒక కథ చదవడం, ప్రశ్నలు పిల్లల చేతే అడిగించడం, చెప్పిన మాటకు కారణం చెప్పమనడం, స్థూలంగా ఇదే దాని పద్ధతి. 2007 నాటి న్యూజిలాండ్ పాఠ్యప్రణాళిక కూడా అయిదు ముఖ్య సామర్థ్యాల్లో ఒకటిగా తోటివారితో మెలగడాన్ని చేర్చింది.

నేను పెట్టుకున్న నియమాలు నాలుగు. గుడ్డ బంతి ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మాట్లాడాలి. మాట్లాడాలని లేకపోతే బంతి పక్కవాళ్లకి ఇచ్చెయ్యచ్చు. జరిగిన గొడవ ఎత్తకూడదు, ఎవరి పేరూ తియ్యకూడదు. పదిహేను నిమిషాలు దాటకూడదు.

కథకు బదులు బోర్డు మీద రెండు వాక్యాలు రాశాను. "మనం బంతాట ఆడదాం." "మేం బంతాట ఆడతాం." తేడా ఏమిటని అడిగాను. ఇంగ్లీషులో రెండింటికీ 'వుయ్' ఒక్కటే కదా, చాలామంది తెల్లమొహం వేశారు. ఆరేళ్ల బాబు కాసేపు ఆలోచించి, "మేం అంటే నువ్వు రావద్దని" అన్నాడు.

ఇంకో పాప, మావోరీలో కూడా ఇలాగే రెండు మాటలున్నాయంది. నిజమే. ముగ్గురూ అంతకు మించీ ఉన్నప్పుడు, వినేవాళ్లని కలుపుకుంటే 'తాతౌ', కలుపుకోకపోతే 'మాతౌ'. ఇంటి భాషలో ఉన్న తేడా ఈ నేల భాషలోనూ ఉందని తెలిసి పిల్లల కళ్లు మెరిశాయి.

"అయితే మేం అనడం తప్పేనా?" అన్నాను. వాదన మొదలైంది. "మేం రేపు డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం అంటే తప్పెలా అవుతుంది?" అని ఒకడు. "ఆడుకోడానికి వచ్చి నించున్నవాళ్లతో అంటే తప్పు" అని మరో పాప. నేను పాఠంలా చెప్పి ఉంటే ఇంత చక్కగా చెప్పగలిగేదాన్ని కాదు.

"దయగా ఉండు" అంటే అయిదేళ్ల పిల్లకి ఏం చెయ్యాలో అర్థం కాదండీ. అందుకే చర్చ చివర చెయ్యగలిగిన పని ఒక్కటి తేల్చుకుంటాం. ఆ రోజు పిల్లలు తేల్చింది ఇదీ: కొత్తవాళ్లు వస్తే ఆట ఆపి, ఎలా ఆడాలో ఒకసారి చెప్పాలి.

ఇంటికొస్తుంటే ఆర్మిస్టన్ రోడ్డు మీద, వెనక సీట్లోంచి మా అమ్మాయి, "అమ్మా, మొన్న మేం అన్నది నేనే" అంది. "తెలుసమ్మా" అన్నాను. ఇంకేమీ అనలేదు.

మరుసటి వారం అది వెళ్లి, "మనం ఆడుకుందామా?" అని పిలిచింది. ఆ పాప తల అడ్డంగా ఊపింది. మావాళ్లమ్మాయి మొహం చిన్నబోయింది. మనకి పిలవాలనిపించినప్పుడు అవతలివాళ్లకి రావాలనిపించాలని లేదు కదా! అదీ నేర్చుకోవలసిందే. మళ్లీ రెండు వారాలకి ఆ పాపే వచ్చి బంతి అందుకుంది.

రోజూ పిల్లల్ని "బళ్లో నిన్నెవరైనా ఏడిపించారా?" అని అడుగుతాం. ఈ రాత్రి భోజనాల దగ్గర ఇంకో ప్రశ్న అడిగి చూడండి: "ఇవాళ ఒంటరిగా ఎవరు కూర్చున్నారు?" జవాబు ఏదైనా సరే, వెంటనే తీర్పు చెప్పకుండా వినండి. వచ్చే వారం కలుద్దాం. సెలవు.