తిరిగి రాకపోతే చాలా?

గజ్జల్లో హెర్నియా అంటే పొట్ట గోడ బలహీనపడిన చోట లోపలి కొవ్వో, పేగో బయటికి ఉబ్బడం. మగవారిలో నూటికి సుమారు 27 మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది, ఆడవారిలో ముగ్గురికి. మందులతో పోదు. బెల్టు కట్టుకుంటే కనపడదు. కనపడనిది లేనట్టేనని నమ్మేవారికి అదే వైద్యం.

ఆపరేషన్ ఫలించిందా అన్నది చాలాకాలం ఒకే ప్రశ్నతో తేల్చారు: హెర్నియా మళ్లీ వచ్చిందా? 1880లలో ఇటలీలో బస్సీని అనే సర్జన్ కండరాలను దగ్గరికి లాగి కుట్టాడు. లాగి కుట్టిన చోట బిగువు ఎక్కువ, కుట్లు తరచూ నిలిచేవి కావు. 1980లలో అమెరికాలో సర్జన్ లిక్టెన్‌స్టీన్ అక్కడ మెష్, అంటే సన్నని ప్లాస్టిక్ వల, పరిచి ఆ బిగువును తప్పించాడు. తిరగబెట్టడం బాగా తగ్గింది. సర్జన్లు ఊపిరి పీల్చుకున్నాక, రోగులు చెబుతున్న మరో మాట వినపడింది: నొప్పి.

గజ్జల్లో మూడు సన్నని నరాలున్నాయి. కుట్టులోనో, మెష్ కిందో, మానిన గాయపు మచ్చలోనో వాటిలో ఒకటి చిక్కుకుంటే నొప్పి నెలల తరబడి ఉంటుంది. మూడు నెలలు దాటితే దాన్ని దీర్ఘకాలిక నొప్పి అంటారు. రోజువారీ పనులకు అడ్డొచ్చేంత నొప్పి నూటికి అర నుంచి ఆరుగురి దాకా మిగులుతుందని అంతర్జాతీయ మార్గదర్శకాల అంచనా. అర మనిషి గణాంకాల్లోనే ఉంటాడు. నొప్పి పడేవాడు నిండు మనిషే.

అందుకే 2008లో అమెరికాలో 23 ప్రశ్నల కొలమానం వచ్చింది. పడుకుంటే, వంగితే, మెట్లెక్కితే మెష్ తగులుతోందా, నొప్పి ఉందా అని రోగినే అడుగుతుంది. రోగిని దగ్గించి చూడడం వైద్యులకు పాత అలవాటే; దగ్గితే ఎలా ఉందని అడిగి రాసుకోవడం కొత్త.

ల్యాప్రోస్కోపీ అనే మరో పద్ధతిలో చిన్న రంధ్రాల గుండా వెళ్లి మెష్‌ను కండరం వెనక పెడతారు. తొలివారాల్లో నొప్పి తక్కువ, పనిలోకి త్వరగా వెళ్లొచ్చు. అయితే 2004లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో రెండేళ్లకు ల్యాప్రోస్కోపీ చేసినవారిలో నూటికి పదిమందికి, కోసి చేసినవారిలో అయిదుగురికి హెర్నియా తిరిగొచ్చింది. 250కి పైగా ల్యాప్రోస్కోపీలు చేసిన సర్జన్ల దగ్గర మాత్రం ఈ తేడా కనిపించలేదు. పద్ధతి పేరు కంటే చెయ్యి తిరిగిన సర్జనే ముఖ్యం.

ఉబ్బు గట్టిపడి, విపరీతమైన నొప్పి, వాంతులు మొదలైతే ఈ లెక్కలేవీ వద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. తొందర లేనివారు ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకునే ముందు సర్జన్‌ని రెండు అడగండి: ఈ పద్ధతిలో ఎన్ని చేశారు? ఏడాది తర్వాత వారిలో ఎందరికి నొప్పి ఉంది?