విలేకరికి అనుమతిపత్రము: పాలమూరు సీమ సాక్ష్యము

వైద్యులకును న్యాయవాదులకును ఉన్నట్లే వార్తలు వ్రాయువారికిని వృత్తియోగ్యతాపత్రమును నియతము చేయవలెననియు, అది లేనివారు విలేకరులుగా వ్యవహరింపరాదనియు ఒక వాదము కొంతకాలముగా మన దేశమున వినవచ్చుచున్నది. 2013 మార్చి మాసమున, ప్రెస్ కౌన్సిల్ అధ్యక్షులుగా నుండిన జస్టిస్ మార్కండేయ కట్జూ విలేకరులకు కనీస విద్యార్హతలను సూచించుటకై ఒక ఉపసంఘమును నియమించినప్పుడు ఈ వాదము బహిరంగచర్చకు వచ్చెను. అది శాసనరూపమును దాల్చలేదు. అయినను అసత్యవార్త యొకటి జనుల ప్రాణముల మీదికి తెచ్చినప్పుడెల్ల ఆ ప్రతిపాదన మరల తలయెత్తుచునే యున్నది.

తెలుగుశాఖ పత్రికలో ఈ చర్చకు తావెక్కడిదని కొందరు శంకింపవచ్చును. తెలంగాణమున పత్రికాచరిత్రయు, సాహిత్యచరిత్రయు వేరువేరు కావు. ఒక దాని నెరుగనివానికి రెండవది బోధపడదు. అదియునుగాక, ఈ వివాదమునకు వలసిన సాక్ష్యము పాలమూరు, నల్లగొండ సీమలలోనే మిక్కుటముగా లభించుచున్నది. ఆ సాక్ష్యమును పరిశీలించుటయే ఈ వ్యాసమున ఉద్దేశింపబడినది.

ముందుగా పదములను గూర్చి ఒక మాట. కౌటిల్యుడు పేర్కొనిన నాలుగు విద్యలలో ‘వార్త’ యొకటి. అచట దాని యర్థము కృషి, పాశుపాల్యము, వాణిజ్యము, అనగా జీవనోపాయము. సమాచారమను అర్థము నేడు మనకు రూఢమైనది. ‘కింవదంతి’ యనగా ‘ఏమని చెప్పుకొనుచున్నారు’ అనుట. చెప్పినవా డెవడో అందు లేడు. ‘పుకారు’ హిందుస్థానీ నుండి వచ్చినది, అది కేక. కర్త తెలిసిన మాటకును, కర్త లేని మాటకును గల ఈ భేదము నిఘంటువునకే పరిమితము కాదు. అనుమతిపత్రము కర్త తెలిసినవానికి మాత్రమే ఇయ్యవచ్చును. కర్త లేని కేకకు ఎవరు ఇత్తురు?

ఈ ప్రశ్న వట్టి మాటల చమత్కారము కాదని 2018వ సంవత్సరము చూపినది. ఆ యేడు ఏప్రిల్ 2వ తేదీన కేంద్ర సమాచార ప్రసారశాఖ ఒక ప్రకటన చేసెను. అసత్యవార్తను సృష్టించిన లేక వ్యాపింపజేసిన విలేకరి ప్రభుత్వ గుర్తింపును మొదటిసారి ఆరుమాసములును, రెండవసారి ఒక సంవత్సరమును నిలిపివేయుదురనియు, మూడవసారి శాశ్వతముగా రద్దు చేయుదురనియు అందలి సారాంశము. దేశమంతట నిరసన చెలరేగగా మరునాడే, ఏప్రిల్ 3న, ప్రధానమంత్రి ఆదేశముపై ఆ ప్రకటనను ఉపసంహరించిరి. సరిగా ఆ దినములలోనే జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాల గ్రామములలో వేరొక విషయము జరుగుచుండెను. బిడ్డల నెత్తుకొనిపోవువారు తిరుగుచున్నారనియు, పార్థీ ముఠా వచ్చి మనుష్యులను చంపుచున్నదనియు చేతిఫోనులలో సందేశములు, భయంకర దృశ్యములు ప్రసరించుచుండెను. ఎండకాలమున ఆరుబయట మంచము వేసికొని నిద్రించు అలవాటుగల పల్లెజనులు ప్రొద్దు గ్రుంకగనే తలుపులు బిగించుకొనిరి. ఈ మార్పును మొదట గమనించినవారు గ్రామములకు నియమింపబడిన పోలీసు కానిస్టేబుళ్లు.

ఆ రెండు జిల్లాలకు పోలీసు సూపరింటెండెంటుగా నుండిన శ్రీమతి రెమా రాజేశ్వరి చేయించిన ప్రయత్నము మన చర్చకు మిక్కిలి ఉపయోగించునది. నాలుగువందలకు పైబడిన గ్రామములలో కానిస్టేబుళ్లు ఇంటింటికి తిరిగి, ఆ దృశ్యములు ఈ ప్రాంతమునకు సంబంధించినవి కావని వివరించిరి. డప్పు మ్రోగించి చాటింపు వేయించిరి. జానపద గాయకులచే పాటలు పాడించిరి. చాటింపు, పాట ఈ రెండును పల్లె యెరిగిన ప్రాచీన వార్తాసాధనములే. నూతన సాధనము పుట్టించిన భయమును పాత సాధనము చల్లార్చినది. ఆ జిల్లాలలో ఆ వదంతుల వలన మరణము సంభవింపలేదు. అదే మే మాసమున, పూర్వపు నల్లగొండ జిల్లాలోని బీబీనగరు మండలమున, ఇట్టి వదంతి నమ్మిన గుంపుచేత ఒక మనుష్యుడు హతుడయ్యెను. తెలంగాణమున అన్యత్రయు అట్టి ఘోరములు జరిగినవి.

ఇచట గమనింపవలసిన అంశ మొక్కటి. ఆ సందేశములను పంపినవారిలో ఒక్కడును తాను విలేకరినని చెప్పుకొనలేదు. ఢిల్లీలో విలేకరుల గుర్తింపుపత్రములను గూర్చి నిబంధనలు వ్రాయుచుండగా, గద్వాలలో హాని చేయుచున్న మాటకు సంతకమే లేదు. నాటి విలేకరు లందరికిని కఠినపరీక్ష పెట్టి పత్రము లిచ్చియున్నను బీబీనగరు మృతుడు బ్రదికియుండెడివాడని చెప్పుటకు ఆధార మేమియు కానరాదు.

అనుమతి యను దానిని ఈ సీమ ఎరుగనిది కాదు. నేడు వనపర్తి జిల్లాలో మండలకేంద్రమైన ఆత్మకూరు, పూర్వము అమరచింత సంస్థానమునకు రాజధాని. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానములు నిజాము రాష్ట్రమున తెలుగుకవిత్వమునకు ఆశ్రయములు. తిరుపతి వేంకటకవులు ఈ మూడు ఆస్థానములను దర్శించినవారు. అవధానసభలో కవికి ముందుగా పత్ర మెవరును ఇయ్యరు. పృచ్ఛకులు ఎదుట కూర్చుండి అడుగుదురు. తప్పు దొరలినచో అచటనే, పదిమంది వినుచుండగా, పట్టుకొందురు. రాజు సత్కరింపవచ్చును, కాని పద్యము నిలుచుటయు, నిలువకుండుటయు సభ చేతిలోనిది. దీనికి భిన్నమైన పద్ధతి హైదరాబాదు ప్రభుత్వము పత్రికల యెడల, సభల యెడల అవలంబించినది. సభ జరుపుటకు ముందుగా అనుమతి పొందవలెను. గస్తీ నిషాన్ తిర్పన్ అను ఉత్తరువును పాతతరమువారు నేటికిని మరువలేదు. పత్రిక నెలకొల్పుటకును ప్రభుత్వానుమతి యుండవలెను.

అట్టి కాలమున పుట్టిన తెలుగు పత్రికల నొకమారు స్మరింతము. మహబూబునగరు నుండి 1913లో ‘హితబోధిని’ వెలువడెను. 1922లో నల్లగొండ నుండి షబ్నవీసు వెంకటరామనరసింహారావుగారి ‘నీలగిరి’, ఇనుగుర్తి నుండి ఒద్దిరాజు సోదరుల ‘తెనుగు’ వెలువడినవి. 1926 మే 10న హైదరాబాదున ‘గోలకొండ పత్రిక’ జన్మించెను. దాని సంపాదకులు సురవరం ప్రతాపరెడ్డిగారు ఆలంపురం ప్రాంతమువారు. ఆయన న్యాయశాస్త్రపట్టభద్రులు. ఒద్దిరాజు సోదరులు స్వయంకృషిచే పండితులై, తమ పల్లెలోనే ముద్రణాలయము నెలకొల్పుకొనినవారు. ఉస్మానియా విశ్వవిద్యాలయమున జర్నలిజము శాఖ యేర్పడినది 1954లో. పట్టము లేనిదే వార్త వ్రాయరాదను నియమము నాడుండినచో వీరిలో ఎవరు పరీక్షకు నిలువగలిగెడివారో ఊహించుకొనవచ్చును. గోలకొండ పత్రిక సంపాదకీయములు ప్రభుత్వానుమతి లేక ప్రకటింపరాదని ఒక దశలో ఆంక్ష విధింపగా, ప్రతాపరెడ్డిగారు ఆ స్థానమున ప్రపంచ మేధావుల సూక్తులను అచ్చు వేసిరని పత్రికాచరిత్రకారులు చెప్పుదురు.

పత్రికకు అనుమతి వేరు, వ్యక్తికి యోగ్యతాపత్రము వేరు కదా యని ఆక్షేపించువారుందురు. నిజమే. కాని రెండింటను తాళపుచెవి ఒకని చేతిలోనే యుండును. షోయబుల్లాఖాన్ చరిత్ర దీనికి నిదర్శనము. ఆయన పనిచేసిన ‘తేజ్’ నిషేధింపబడెను. తరువాత చేరిన మందుముల నరసింగరావుగారి ‘రయ్యత్’ కూడ నిషేధింపబడెను. పిమ్మట ‘ఇమ్రోజ్’ పత్రికను తానే నెలకొల్పి, హైదరాబాదు భారతయూనియనులో చేరవలెనని వ్రాసెను. 1948 ఆగస్టు 22 నాటి రాత్రి హైదరాబాదు వీధిలో హత్యకు గురియయ్యెను. అప్పటి పాలకుల దృష్టిలో ఆయన వ్రాసినదే ‘అసత్యవార్త’. ఏది అసత్యమో నిర్ణయించు అధికారము పత్రమును ఇచ్చువానికే దక్కునప్పుడు పరిస్థితి యెట్లుండునో ఇంతకంటె వేరు చెప్పనక్కరలేదు.

అచ్చులోని అసత్యమును ఖండించుటకు మన సీమలో జరిగిన గొప్ప ప్రయత్నము మాత్రము అనుమతిపత్రములతో జరిగినది కాదు. నిజాము రాష్ట్రమున తెలుగుకవులు లేరను అభిప్రాయ మొకటి అచ్చులో వెలువడెను. దానిని వ్రాసినది అక్షరము రాని పామరుడు కాదు. సాహిత్యమును గూర్చి గ్రంథస్థముగా పలుకగలిగినవాడే. ఏ పరీక్ష పెట్టినను అతడు ఉత్తీర్ణుడయ్యెడివాడు. ప్రతాపరెడ్డిగారు అతనిని నోరు మూయుమని ప్రభుత్వమునకు అర్జీ పెట్టలేదు. ఊరూర నున్న కవుల నుండి పద్యములను రప్పించి, 354 మంది కవుల రచనలతో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను ప్రకటించిరి. ఆ సంచికను మన విద్యార్థులు కవితాసంకలనముగనే చదువుచున్నారు. దానిని ఒక తప్పువార్తకు సవరణగా చదివినచో దాని నిర్మాణము మరింత స్పష్టపడును. అది వాదము చేయదు, సాక్షులను పిలుచును. ఒక్కొక్క కవియు ఒక్కొక్క సాక్షి. శంకించినవాడు ఆయూరికి పోయి విచారించుకొనవచ్చును.

ఈ పద్ధతి క్రొత్తది కాదు. గూఢచారులు తెచ్చు సమాచారమును గూర్చి కౌటిల్యుడు చెప్పిన నియమము ప్రసిద్ధము: ముగ్గురు చెప్పినది ఏకీభవించినప్పుడే నమ్మవలెను. ఆ చారులు రాజముద్రతో నియమింపబడినవారే. అయినను ఆ నియామకమును చూచి నమ్ముమని ఆయన చెప్పలేదు. అనుమతుల విషయమున ఉదారుడని ఎవరును అనజాలని అర్థశాస్త్రకర్తయే ఇట్లు చెప్పుట గమనింపదగినది.

న్యాయశాస్త్రదృష్టిని సంగ్రహముగా చూతము. రాజ్యాంగమున 19వ అధికరణము ఆరవ ఉపనిబంధన, వృత్తులకు యోగ్యతలు విధించు అధికారమును రాజ్యమునకు ఇచ్చుచున్నది. అనుమతివాదులకు ఆధార మిదియే. కాని వార్త వ్రాయుట వృత్తి మాత్రమే కాదు, వాక్కు కూడ. వాక్స్వాతంత్ర్యముపై విధింపదగిన పరిమితులు రెండవ ఉపనిబంధనలో వేరుగ లెక్కింపబడినవి. ‘సకాల్’ పత్రిక వ్యాజ్యమున 1961లో సుప్రీంకోర్టు ఈ భేదమును స్థిరపరచెను. పత్రికల పుటల సంఖ్యను బట్టి వెలను నిర్ణయించు ఉత్తరువును కొట్టివేయుచు, వ్యాపారనియంత్రణ మను మిషతో వాక్కును సంకోచింపజేయరాదని తీర్పు చెప్పెను.

విదేశములలో ఈ ప్రశ్న నేరుగనే న్యాయస్థానమునకు వచ్చినది. కోస్టారికా దేశమున, విలేకరుల సంఘమున సభ్యుడు కాకుండ వార్తలు వ్రాసినందులకు స్టీఫెన్ ష్మిట్ అను నతడు శిక్షింపబడెను. ఆ నిర్బంధసభ్యత్వము న్యాయమా యని అడుగగా, అమెరికాఖండముల మానవహక్కుల న్యాయస్థానము 1985 నవంబరు 13న అభిప్రాయము చెప్పెను. వైద్యుని వృత్తియు, న్యాయవాది వృత్తియు వాక్స్వాతంత్ర్యము లేకయే సాగవచ్చును. విలేకరి వృత్తి ఆ స్వాతంత్ర్యమునకు ప్రయోగరూపమే. కావున పోలిక చెల్లదని అందలి తాత్పర్యము. ఇటలీలో మాత్రము 1963 నాటి శాసనము ప్రకారము విలేకరుల పట్టిక యొకటి నేటికిని కలదు. దాని వలన ఆ దేశమున అసత్యవార్తలు అంతరించినవని ఎవరును అనరు.

వైద్యునితో పోలిక ఎక్కడ చెడునో మనసీమ ఉదాహరణముతోనే చెప్పవచ్చును. జూరాల కాలువకు గండిపడినదని చూచిన రైతు ఆ సంగతి వ్రాసి పంపినచో, అతడు శస్త్రచికిత్స చేయబూనిన అనర్హునితో సమానుడగునా? చూచినది చెప్పుటకు అర్హత చూచుటయే. చెప్పినది నిజమా యనుట కాలువగట్టుపై తేలవలెను.

అనుమతివాదుల నందరిని ప్రభుత్వపక్షపాతులని త్రోసివేయుట న్యాయము కాదు. విలేకరి యని చీటి చూపి కార్యాలయములలో, దుకాణములలో బెదిరించి సొమ్ము గుంజువారిని గూర్చిన ఫిర్యాదులు పల్లెపట్టున విననివారు లేరు. అయితే ఆ ఫిర్యాదులలోనే మన వాదమునకు బలము కలదు. ప్రభుత్వ గుర్తింపుపత్రము వార్త వ్రాయుటకు అనుమతి కాదు. కొన్ని సౌకర్యములకు సాధనము మాత్రమే. అయినను పల్లెలో అది అధికారచిహ్నముగా చెలామణి యగుచున్నది. సౌకర్యపత్రమే యింత పని చేయగా, రాజముద్ర గల యోగ్యతాపత్రము అసత్యమునకు సైతము ప్రామాణ్యము కూర్చిపెట్టును.

వ్యాధిమూలము మరియొకచోట నున్నది. 1974లో విశాఖపట్టణమున ఆరంభమైన ‘ఈనాడు’ 1989లో జిల్లాపుటలను ప్రవేశపెట్టగా, ఇతర పత్రికలును అనుసరించినవి. మండలమునకొక విలేకరి అవసరమయ్యెను. ఆతనికి ముట్టునది సాధారణముగా జీతము కాదు. అచ్చయిన పంక్తుల లెక్కకు కొలది పైకము, తెచ్చిన ప్రకటనలపై కమీషను. ఏ వ్యాపారిని, ఏ నాయకుని గూర్చి వార్త వ్రాయవలెనో అతనినే ప్రకటన యడుగవలెను. 1955 నాటి శ్రామిక పత్రికారచయితల చట్టము, పత్రికారచన ముఖ్యవృత్తిగా గలవారిని దృష్టియం దుంచుకొని నిర్మింపబడినది; మండల విలేకరి చాలవరకు దాని యంచుననే మిగిలెను. 2020లో పార్లమెంటు ఆమోదించిన కార్మికస్మృతి ఆ చట్టము స్థానమును ఆక్రమించినది. కౌటిల్యుని ‘వార్త’ జీవనోపాయము. మన మండల విలేకరికి వార్త జీవనోపాయము కాలేకపోవుటయే చిక్కు. పరీక్ష పెట్టి పత్రము చేతికిచ్చినను, మరునాడు అతడు మరల ఆ వ్యాపారి గుమ్మమునకే పోవలసియుండును.

వార్త తప్పినప్పుడు పత్రికలు సవరణను ఎచట, ఎన్నిదినములకు, ఎంత పరిమాణమున ప్రకటించుచున్నవో మన పరిశోధకులు పరిశీలింపదగును. మొదటిపుటలోని తప్పునకు లోపలిపుట మూలన రెండు పంక్తుల సవరణ వచ్చుట అందరెరిగినదే. కాని లెక్కకట్టి చూపిననేగాని అది వాదమున నిలువదు. పాలమూరు జిల్లాపుటల పాత సంచికలను ముందుంచుకొని, ఒక్క ఆత్మకూరు మండలమునకు సంబంధించిన వార్తలను, వాని సవరణలను మాత్రమే ఏరి పోల్చినను అది యొక పరిశోధనావ్యాసమునకు చాలును. వార్తలో పేర్కొనబడిన ఊళ్లన్నియు ఒకదినపు ప్రయాణములోనివే. సాక్షులును చాలమంది అచటనే యున్నారు.