యూనిఫాం బట్టకు రెండు అద్దకాలు

హాస్టళ్ళలో మనం ఏళ్ళ తరబడి తొడుక్కున్న యూనిఫాం చాలావరకు టెరికాటనే. అందులో పాలిస్టర్, పత్తి కలిసి ఉంటాయి. ఎక్కువగా కనిపించే పాళ్ళు 67, 33. చెమట పీల్చడానికి పత్తి, నలగకుండా త్వరగా ఆరడానికి పాలిస్టర్. రెండు జతలతో ఏడాది గడిపే మనకు ఆ త్వరగా ఆరడం విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు!

కానీ రసాయనాల దగ్గర ఈ రెండింటికీ పొసగదు. పత్తి సెల్యులోజ్. క్షారానికి తట్టుకుంటుంది, గాఢమైన ఆమ్లంలో కరిగిపోతుంది. పాలిస్టర్ ఆమ్లానికి నిలుస్తుంది, మరిగే కాస్టిక్ సోడాకు పైపొర నుంచి అరుగుతుంది. బట్టలో పత్తి ఎంతో ల్యాబులో తేల్చేది ఈ తేడాతోనే. తూచిన ముక్కను 75 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లంలో 50 డిగ్రీల వద్ద గంటసేపు ఉంచితే పాలిస్టర్ మాత్రమే మిగులుతుంది. కడిగి, ఆరబెట్టి మళ్ళీ తూస్తే లెక్క తేలుతుంది.

మిల్లులో ముందు పడుగుకు పట్టిన గంజిని అమైలేజ్ ఎంజైముతో తీస్తారు (అన్నం నమిలేటప్పుడు మన లాలాజలంలో పనిచేసేదీ ఆ జాతిదే). తర్వాత హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో తెల్లబరుస్తారు.

అసలు తిప్పలు అద్దకంలో. రియాక్టివ్ రంగు పత్తితో రసాయన బంధం కలుపుకుంటుంది గాని పాలిస్టర్‌కు పట్టదు. పాలిస్టర్‌కు నీళ్ళలో దాదాపు కరగని డిస్పర్స్ రంగు కావాలి. అది పోచలోకి చొరబడాలంటే మూసిన యంత్రంలో, ఒత్తిడి మీద, 130 డిగ్రీల వేడి ఇవ్వాలి. మన ప్రెషర్ కుక్కర్ కూడా అంత వేడెక్కదు. ఆ తర్వాత ఉప్పు, సోడా వేసి 60 డిగ్రీల దగ్గర పత్తికి మరో అద్దకం. రెండు రంగులూ ఒకే ఛాయలో కుదరాలి.

ప్యాంటు మోకాళ్ళ దగ్గర చిరగకుండానే పాలిపోయేది ఇందుకే. రాపిడికి పత్తి ముందు అరిగి, తన రంగును వెంట తీసుకుపోతుంది. తెగిన పోచలను గట్టి పాలిస్టర్ రాలనివ్వక పట్టుకుంటే బట్ట మీద ఉండలు కడతాయి. బ్లీచింగ్ పౌడర్ వేస్తే సాధారణంగా ముందు దెబ్బతినేది పత్తి మీది రంగే. మరకకు సబ్బు చాలు.

ఇంకొకటి, వంట దగ్గర సాయం చేసే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు. ఒట్టి పాలిస్టర్ నిప్పు తగిలితే కరిగి కారిపోతుంది. టెరికాటన్‌లో మాత్రం, వత్తి నూనెను పట్టినట్టు, మండే పత్తి కరిగిన పాలిస్టర్‌ను పట్టి ఉంచుతుంది. మంట ఆగదు, ఆ ముద్ద ఒంటికి అంటుకుంటుంది. పొయ్యి దగ్గరికి ఒంటికి అతికినట్టుండే నూలు బట్టలతో వెళ్ళండి. ఎవరికైనా అంటుకుంటే మంట ఆర్పి, చర్మానికి కరుచుకున్న గుడ్డను పీకకుండా, 20 నిమిషాలు చల్లటి నీళ్ళ ధార పోసి ఆసుపత్రికి తీసుకెళ్ళండి.