కంప్యూటర్ వాకిట్లో కాపలాదారు

మీ బడి కంప్యూటర్ గదిలో ఒక కంప్యూటర్ ముందు కూర్చుని మీట నొక్కండి. తెర మీద ఏవో అక్షరాలు పరుగెత్తి మాయమవుతాయి. ఆ తరువాత ఒక చిన్న పెట్టె కనిపిస్తుంది. ‘నీ పేరేమిటి? నీ పాస్‌వర్డ్ ఏమిటి?’ అని అడుగుతుంది. మీలో చాలామందికి ఈ పెట్టె అంటే విసుగు. ఇది లేకపోతే హాయిగా నేరుగా పనిలోకి దిగవచ్చు గదా అనిపిస్తుంది.

మా బడిలో నేనూ అలాగే అనుకున్నాను. మావి పాత కంప్యూటర్లు. వాటిలో లినక్స్ నడుస్తుంది. పీరియడు చూస్తే 45 నిమిషాలు. అందులో పేర్లు, పాస్‌వర్డ్‌లు కొట్టించే తీరిక ఎక్కడిది? అందుకని మీట నొక్కగానే తిన్నగా లోపలికి పోయేటట్లు అమర్చాను. అన్ని తరగతులకూ కలిపి ‘స్టూడెంట్’ అని ఒకటే పేరు పెట్టాను.

తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె ఆ ఏడు జూన్ నుంచి ఆగస్టు వరకు రోజూ ఉదయం బడి ఆవరణలోని వర్షమాపకం చూసి, ఎన్ని మిల్లీమీటర్ల వాన పడిందో కంప్యూటర్‌లో పట్టిక వేసుకుంది. సెప్టెంబరులో చూస్తే పట్టిక లేదు! వేరే తరగతి కుర్రవాడు అదేదో పనికిరాని ఫైలనుకొని చెరిపేశాడు. ఆ అమ్మాయి నోటుపుస్తకంలో జూన్ నెల లెక్కలు మాత్రమే మిగిలాయి.

తప్పెవరిది? కుర్రవాడిదా? కాదు. కంప్యూటర్ దృష్టిలో చెరిపినవాడూ, రాసుకున్న అమ్మాయీ ఒక్కరే. ఇద్దరి పేరూ ‘స్టూడెంట్’! ఎవరి వస్తువును వారే పారేసుకుంటే కంప్యూటర్ ఎందుకు కాదంటుంది? తప్పు వాకిలి బార్లా తెరిచిపెట్టిన నాది. ఆ తరువాతే ఆ చిన్న పెట్టె సంగతి శ్రద్ధగా తెలుసుకున్నాను. ఆ సంగతులే ఇప్పుడు మీకు చెబుతాను.

1966లో జరిగిన వింత

ఒక కంప్యూటర్‌ను పదిమంది పంచుకోవాలన్న ఆలోచన కొత్తది కాదు. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఫెర్నాండో కార్బటో అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1961లో అలాంటి ఏర్పాటును చేసి చూపించారు. దాని పేరు సీటీఎస్ఎస్. ఎవరి ఫైళ్లు వారికే ఉండాలి గనుక ఒక్కొక్కరికీ ఒక్కొక్క పాస్‌వర్డ్ ఇచ్చారు.

1966లో ఒకరోజు ఒక వింత జరిగింది. లోపలికి వచ్చిన ప్రతివారికీ ఆనాటి ప్రకటన ఒకటి కనిపించడం అక్కడి ఆనవాయితీ. ఆ రోజు మాత్రం ప్రకటన బదులు అందరి పాస్‌వర్డ్‌ల జాబితా అచ్చయి కూర్చుంది! ఎలాగంటారా? ఒక నిర్వాహకుడు ప్రకటనను దిద్దుతున్నాడు. అదే సమయంలో ఇంకొక నిర్వాహకుడు పాస్‌వర్డ్‌ల ఫైలును దిద్దుతున్నాడు. ఇద్దరూ ఉన్నది ఒకే చోట. దిద్దే ప్రోగ్రాము ఇద్దరికీ తాత్కాలికంగా ఒకే పేరుతో ఫైలు తయారుచేసింది. ఒకరిది ఇంకొకరిదైపోయింది.

చూశారా? మా బడిలో జరిగిందీ ఇలాంటిదే. ఇద్దరు మనుషులు ఒకే పేరు కింద, ఒకే చోట పనిచేస్తే ఒకరి పని మీద ఇంకొకరి చెయ్యి పడుతుంది.

పిండి, చిటికెడు ఉప్పు

ఆ జాబితా బయటపడితే కొంప మునగడానికి ఇంకొక కారణం ఉంది. పాస్‌వర్డ్‌లను ఉన్నవి ఉన్నట్లుగా రాసిపెట్టారు. ఇప్పుడు అలా రాయరు. మరి ఎలా రాస్తారు?

మీ అమ్మమ్మ తిరగలిలో బియ్యం పోసి విసరడం చూశారా? బియ్యం పిండి అవుతుంది. ఆ పిండిని మళ్లీ బియ్యం గింజలుగా చేయగలరా? చేయలేరు. పాస్‌వర్డ్‌నూ ఇలాగే ఒక లెక్క అనే తిరగలిలో పోసి పిండి చేస్తారు. దీన్ని హాష్ అంటారు. కంప్యూటర్ దాచుకునేది ఈ పిండినే, గింజలను కాదు. రేపు మీరు వచ్చి పాస్‌వర్డ్ కొట్టినప్పుడు దాన్ని కూడా విసిరి, పాత పిండితో పోల్చి చూస్తుంది. సరిపోతే మీరే!

ఇద్దరు పిల్లలు ఒకే పాస్‌వర్డ్ పెట్టుకుంటే? ఇద్దరి పిండీ ఒకటే అవుతుంది, గుట్టు తెలిసిపోతుంది. అందుకని విసిరేముందు ఒక్కొక్కరి గింజల్లో ఒక్కొక్క రకం చిటికెడు ఉప్పు కలుపుతారు. నేను సరదాకు అనడం లేదు. అర్థంపర్థం లేని ఆ కొన్ని అక్షరాలను నిజంగానే ‘సాల్ట్’ అంటారు. యూనిక్స్‌లో ఈ పద్ధతిని ఎందుకు పెట్టారో బెల్ ప్రయోగశాలకు చెందిన రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ 1979లో ఒక వ్యాసంలో వివరించారు. లినక్స్‌లో ఈ పిండి అంతా ‘షాడో’ అనే ఫైలులో ఉంటుంది. మామూలు వాడకందారులకు దాన్ని తెరిచే అనుమతి ఉండదు.

కాపలాదారు దినచర్య

ఇక మన చిన్న పెట్టె దగ్గరకు వద్దాం. దాన్ని చూపించే ప్రోగ్రామును డిస్‌ప్లే మేనేజర్ అంటారు. తెలుగులో వాకిటి కాపలాదారు అనుకుందాం. కీత్ ప్యాకార్డ్ అనే ఆయన రాసిన ఎక్స్‌డీఎం 1988లో వచ్చింది. మొదట్లో వచ్చిన కాపలాదారుల్లో అదొకటి. ఇప్పుడు చాలా రకాలున్నాయి. వాటిలో జీడీఎం అనేది గ్నోమ్ షెల్ అనే పెద్ద ప్రోగ్రామును తలుపు దగ్గరే తెరుస్తుంది. కొత్త కంప్యూటర్లకు అది బరువు కాదు. మా పాత కంప్యూటర్లకు బరువే. అందుకని మేము లైట్‌డీఎం వాడతాం. దీన్ని రాబర్ట్ ఆన్సెల్ మొదలుపెట్టాడు. 2011 అక్టోబరులో వచ్చిన ఉబుంటు 11.10లో ఇది చేరింది. 2017లో ఉబుంటు మళ్లీ జీడీఎంకు మారినా, జుబుంటు, లినక్స్ మింట్ వంటివి లైట్‌డీఎంనే వాడుతున్నాయి.

లైట్‌డీఎం తేలికగా ఉండటానికి దాని నిర్మాణమే కారణం. అందులో పనివాళ్లు ఇద్దరు. ఒకడు తెరవెనుక ఉంటాడు. తాళంచెవులన్నీ వాడి దగ్గరే. వాడు పనిచేసేది ‘రూట్’ పేరుతో, అంటే యజమాని అధికారంతో. రెండోవాడు ముందు నిలబడి మనల్ని పలకరిస్తాడు. వాడి పేరు గ్రీటర్. వాడి దగ్గర తాళంచెవులేమీ ఉండవు. మీరు చెప్పిన పేరు, పాస్‌వర్డ్ లోపలివాడికి అందించడమే వాడి పని. పలకరించేవాణ్ణి మార్చుకున్నా లోపలివాణ్ణి ముట్టుకోనక్కరలేదు.

మీట నొక్కిన తరువాత జరిగే వరుస ఇది. ముందు లినక్స్ మూలభాగమైన కెర్నెల్ లేస్తుంది. అది మొట్టమొదటి ప్రోగ్రామును లేపుతుంది. ఆ ప్రోగ్రాము లైట్‌డీఎంను లేపుతుంది. లైట్‌డీఎం తెరను సిద్ధంచేసి గ్రీటర్‌ను నిలబెడుతుంది. మీరు పాస్‌వర్డ్ చెబితే, ప్యామ్ అనే తనిఖీదారుచేత పరీక్ష చేయిస్తుంది. సరైనదైతే గ్రీటర్ తప్పుకుంటాడు. మీ పేరుతో, మీకు కేటాయించిన సంఖ్యతో మీ పని మొదలవుతుంది. ఉబుంటు, డెబియన్‌లలో మొదటి వాడకందారు సంఖ్య 1000. యజమాని అయిన రూట్ సంఖ్య 0. అప్పటినుంచి మీరు ఏ ఫైలు తెరవబోయినా కెర్నెల్ చూసేది ఈ సంఖ్యనే.

ఎలా అమర్చాలి?

ఈ పని ఉపాధ్యాయుణ్ణి గానీ ఇంట్లో పెద్దవాళ్లను గానీ అడిగే చేయండి. నిర్వాహకుడి పాస్‌వర్డ్ కావాలి. టెర్మినల్ తెరిచి, ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ లైట్‌డీఎం లైట్‌డీఎం-జీటీకే-గ్రీటర్’ అనే ఆజ్ఞను ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి. అప్పటికే వేరే కాపలాదారు ఉంటే, ఇద్దరిలో ఎవరు కావాలని కంప్యూటర్ అడుగుతుంది. బాణం మీటతో లైట్‌డీఎంను ఎంచుకోండి. ఇదే పద్ధతిలో ‘లైట్‌డీఎం-జీటీకే-గ్రీటర్-సెట్టింగ్స్’ను కూడా తెచ్చుకుని, కంప్యూటర్‌ను ఒకసారి ఆపి మళ్లీ వెలిగించండి.

ఇప్పుడు సెట్టింగ్స్ ప్రోగ్రాము తెరిస్తే తెర వెనుక బొమ్మ, అక్షరాల రూపం, గడియారం, పెట్టె ఉండే చోటు అన్నీ మార్చుకోవచ్చు. మీ పేరును తెలుగులోనూ చూపించవచ్చు. లోపల వాడే పేరు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో ఉండాలి గానీ, వాడకందారుల వివరాల్లో ‘పూర్తి పేరు’ అనేచోట తెలుగులో రాసుకోవచ్చు. లోహిత్ తెలుగు వంటి ఫాంటు ఒకటి కంప్యూటర్‌లో ఉంటే చాలు, వాకిట్లో మీ పేరు మన లిపిలో కనిపిస్తుంది.

మేము చేసిన అసలు మార్పు వేరు. ‘ఈటీసీ’ ఫోల్డరులోని ‘లైట్‌డీఎం’ ఫోల్డరులో ఆ ప్రోగ్రాము అమరిక ఫైలు ఉంటుంది. నేను లోగడ ‘ఆటోలాగిన్-యూజర్’ అని రాసిన వరుస అందులోనే ఉంది. దాని మొదట్లో హ్యాష్ గుర్తు పెడితే కంప్యూటర్ ఆ వరుసను పట్టించుకోదు. అంతే, వాకిలి మూతపడింది. ప్రతి విద్యార్థికీ విడిగా ఒక పేరు, ఒక కంప్యూటర్ కేటాయించాం.

కనిపించని బొమ్మ

ఇక్కడ మా పిల్లలకు ఒక చిక్కు వచ్చింది. బడి ముందున్న వేపచెట్టును ఫొటో తీసి, వాకిటి తెరకు పెట్టాలనుకున్నారు. ఒక అబ్బాయి తన ఫోల్డరులో ఫొటో దాచి, సెట్టింగ్స్‌లో దాన్ని ఎంచుకున్నాడు. బయటికి వచ్చి చూస్తే చెట్టు లేదు, ఒట్టి రంగు తెర! మూడుసార్లు చేశాడు. మూడుసార్లూ అంతే. ఫొటో చెడిపోయిందేమో అనుకున్నాడు. తీరా లోపలికి వెళ్లి తెరిస్తే చక్కగా కనిపిస్తోంది.

చదవడం ఆపి ఒక్క క్షణం ఆలోచించండి. బొమ్మ ఎందుకు కనిపించలేదు?

ఆ తెర కనిపించేటప్పటికి అబ్బాయి ఇంకా లోపలికి రానేలేదు. మరి బొమ్మను తెరవబోయింది ఎవరు? గ్రీటర్. వాడు పనిచేసేది ‘లైట్‌డీఎం’ అనే వేరే పేరుతో, వేరే సంఖ్యతో. ఉబుంటులో 21.04 నుంచి, అంటే 2021 నుంచి, కొత్తగా చేర్చిన వాడకందారుడి సొంత ఫోల్డరును ఇతరులు తెరవలేరు. మా కంప్యూటర్లలోనూ అలాగే అమర్చుకున్నాం. కాపలాదారైనా సరే, మీ ఇంటి గదిలోకి తొంగిచూడలేడు! ఫొటోను అందరూ చూడదగిన ‘యూఎస్ఆర్, షేర్, బ్యాక్‌గ్రౌండ్స్’ అనే వరుసలోని ఫోల్డరులోకి నకలు చేయగానే వేపచెట్టు తెర మీద నిలిచింది.

వాన పట్టికను ఇకమీదట కాపాడేది కూడా సరిగ్గా ఈ నియమమే. బొమ్మను చూడనివ్వని తలుపే ఇతరుల చేతిని కూడా ఆపుతుంది.

తలుపు బిగుసుకుపోతే?

అమరిక ఫైలులో ఒక్క అక్షరం తప్పు పడినా పెట్టె రాకపోవచ్చు. అందుకే దిద్దేముందు ఆ ఫైలుకు నకలు తీసిపెట్టుకోండి. తెర నల్లగా ఉండిపోతే కంగారు పడకండి. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మీటలు కలిపి నొక్కండి. అక్షరాలు మాత్రమే ఉండే పెరటిదారి ఒకటి తెరుచుకుంటుంది. అక్కడా పేరు, పాస్‌వర్డ్ చెప్పి లోపలికి వెళ్లి, నకలును పాత చోట పెట్టి, ‘సుడో సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ లైట్‌డీఎం’ అని కొడితే చాలు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఎవరైనా డిస్కునే ఊడదీసి పట్టుకుపోతే ఈ కాపలాదారు ఏమీ చేయలేడు. దానికి డిస్కులోని రాతనంతా రహస్యలిపిలోకి మార్చే ఏర్పాటు వేరే ఉండాలి.

లెక్క కట్టి చూడండి

తప్పు పాస్‌వర్డ్ కొడితే లినక్స్ కావాలనే సుమారు 2 సెకన్లు ఆలస్యం చేస్తుంది. నాలుగు అంకెల పాస్‌వర్డ్‌లు మొత్తం 10,000. అన్నీ వరుసగా ప్రయత్నిస్తే ఎంతసేపు? 20,000 సెకన్లు. అంటే ఐదున్నర గంటలు. ఒక్క సెలవురోజు చాలు! ఇంగ్లీషు చిన్న అక్షరాలు ఎనిమిదింటితో పెట్టుకుంటే? 26ను ఎనిమిదిసార్లు వేసి గుణించండి. సుమారు 20,883 కోట్లు వస్తుంది. వాకిట్లో నిలబడి అన్నీ ప్రయత్నించాలంటే 13 వేల సంవత్సరాలకు పైగా పడుతుంది. అయితే మీ పేరో, మీ ఊరి పేరో పెట్టుకుంటే ఈ లెక్క పనిచేయదు. పక్క బెంచీవాడు మొదట ప్రయత్నించేది అవే గదా!

ఆ అమ్మాయి ఇప్పుడు పదో తరగతి. ఈ ఏడు కూడా జూన్ ఒకటో తేదీనుంచి వర్షమాపకం చూస్తోంది. పట్టిక ఆమె పేరుతో, ఆమె ఫోల్డరులో ఉంది. వారానికొకసారి దానికి నకలు తీసి పెన్‌డ్రైవ్‌లో కూడా దాచుకుంటోంది. ఎందుకంటే తలుపు గట్టిదైనంత మాత్రాన ఇల్లు కూలదని కాదు. ఈ మాట ఆమెకు నేను చెప్పలేదు. తనకు తానే ఆలోచించుకుంది.

మీ బడి కంప్యూటర్ గదిలో ఎన్ని పేర్లున్నాయో రేపు అడిగి చూడండి. ఒకటే పేరు అని జవాబు వస్తే, ఈ వ్యాసాన్ని మీ మాస్టారికి చూపించండి.