సోరియాసిస్ కొందరికే ఎందుకు వచ్చును?

మన చర్మపు పైపొరయందలి కణములు అడుగున జన్మించి, మెల్లగా పైకి జరిగి, సుమారు ఒక మాసమునకు రాలిపోవుచుండును. సోరియాసిస్ ఉన్నచోట ఈ ప్రయాణమంతయు కొలది దినములలోనే ముగియుటచే, పక్వముకాని కణములు పేరుకొని, ఎఱ్ఱని మచ్చలపై వెండివంటి పొలుసులై కానవచ్చును. శరీరమును రక్షింపవలసిన కణములే పొరపాటున చర్మముపై తిరుగబడి, ఇంటర్‌ల్యూకిన్-23, ఇంటర్‌ల్యూకిన్-17 అను సంకేత పదార్థములచే దానిని రెచ్చగొట్టుటయే ఈ తొందరకు కారణము.

కొందరియందే ఇట్లేల జరుగును?

మన ఆఱవ క్రోమోజోముమీద హెచ్.ఎల్.ఏ.-సి అను జన్యువు కలదు. దేహమున చొరబడిన క్రిముల తునుకలను రక్షకకణములకు చూపుట దానినుండి తయారగు ప్రోటీను పని. ఈ జన్యువునకు గల అనేక రూపములలో 06:02 అనునది తల్లినుండియో తండ్రినుండియో సంక్రమించినవారికి సోరియాసిస్ వచ్చు అవకాశము హెచ్చు. స్వల్ప ప్రభావము గల జన్యుస్థానములు మరి 60కి పైగా కనుగొనబడినవి.

అయినచో అది తప్పదా?

తప్పదనరాదు. ఆ రూపము గలవారిలో పెక్కుమందికి ఈ వ్యాధి రానేరాదు. సమరూప కవలలలో సైతము ఒకరికి వచ్చి, రెండవవారికి రాకపోవుట కలదు. విత్తనమునకు వాన తోడైనట్లు, వారసత్వమునకు గొంతునందలి స్ట్రెప్టోకాకస్ క్రిమియో, చర్మమునకు తగిలిన గాయమో, మానసిక ఒత్తిడియో తోడైనపుడు అది తరచుగా బయల్పడును.

ఇతర చర్మవ్యాధుల మాటయేమి?

అటోపిక్ ఎగ్జిమాయందు లోపము వేఱొకచోట నుండును: చర్మపు కట్టుదిట్టమును కాపాడు ఫిలాగ్రిన్ జన్యువునందలి మార్పులు దానికి ముఖ్యకారణములలో నొకటియని 2006లో స్కాట్లాండునందలి డండీ శాస్త్రజ్ఞులు తెలిపిరి.

బాలలారా, సోరియాసిస్ అంటువ్యాధి కాదు; అది గల మిత్రుని చెంత కూర్చుండుటకును, అతనితో కలిసి భుజించుటకును, చేయి పట్టుకొని ఆడుటకును మీరెన్నడును సంకోచింపవలదు.